పదికి తగ్గకుండా, పాతిక దాటకుండా

ఆయనకు పేకాట లేదు, పొగ లేదు, కాఫీ కూడా రోజుకు రెండుసార్లే. ఉన్న దురలవాటల్లా ఒక్కటే, అడగకపోయినా సాయం చేయడం. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ సాయాన్ని తట్టుకుని నిలబడ్డవాళ్లను ఇల్లాలు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన ఆయనను తెలిసినవాళ్లంతా తక్కెడ గారంటారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

ఆ సోమవారం ఉదయం అనుకున్న పని నిజానికి చాలా చిన్నది. అమ్మాయి యూనివర్సిటీలో జర్మన్ భాషా విభాగంలో పరిశోధన చేస్తోంది. ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చేది ఆ విభాగమే. బదులుగా ఆమె సాయంత్రాలు బయటివాళ్లకు జర్మన్‌లో ఓనమాలు నేర్పాలి. కనీసం పదిమంది చేరితేనే తరగతి, తరగతి ఉంటేనే స్టైపెండ్. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. అప్పటికి చేరింది ఆరుగురు. వాళ్లెవరో ఆఫీసు గుమాస్తాకే ఎరుక, పాఠం చెప్పేవాళ్లకు అంకె మాత్రమే చెబుతారు. స్టైపెండ్ పోతే థీసిస్ సగంలో కట్టిపెట్టి, బాబాయి ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగంలో చేరాలి. బాబాయి అప్పుడే కుర్చీ కూడా తుడిపించి ఉంచాడు.

లైబ్రరీ ముందు కరపత్రాలు పంచి నలుగురిని పట్టుకొస్తానని అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది.

"నలుగురేగా?" అన్నాడు తక్కెడ గారు పేపరు మడుస్తూ. "నువ్వెళ్లి నీ థీసిస్ రాసుకో. నాకిది ఎడమచేతి పని. ఇంతకీ ఆ ఆరుగురూ ఎవరోగాని, బొత్తిగా పనీపాటా లేనివాళ్లు."

ఇల్లాలు బీన్స్ తరుగుతూ తలెత్తకుండానే నవ్వుకుంది.

"పదికి తగ్గకూడదు నాన్నా, కానీ..."

"కానీ గీనీ ఏం లేదు. నువ్వు పద."

ఆయనకు పొద్దున్నే పార్కులో కలిసి నడిచే మిత్రబృందం ఒకటుంది. నడక తక్కువ, బెంచీ ఎక్కువ. మొదటాయనకు ఫోన్ చేసి పిల్ల భవిష్యత్తు అన్నాడు. రెండో ఆయనకు, కొత్త భాష నేర్చుకుంటే మతిమరుపు దగ్గరికి రాదని చెప్పాడు. మూడో ఆయనకు తరగతి గదిలో ఏసీ ఉందన్నాడు. భవిష్యత్తు, మతిమరుపు ఎక్కడివక్కడ ఆగిపోయాయి గాని, ఏసీ మాత్రం బృందమంతా పాకింది. మధ్యాహ్నం పన్నెండు దాకా ఆఫీసులో పేర్లు ఫోన్లోనే రాసుకుంటారు. పన్నెండయ్యేసరికి తక్కెడ గారి ఖాతాలో, తనతో కలిపి, ఇరవై ముగ్గురు. ఆయన అన్నం ముందు కూర్చున్న తీరు చూస్తే జర్మన్ భాషను తనే కనిపెట్టాడనుకోవాలి.

రెండో ముద్ద నోట్లో ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది. మొత్తం ఇరవై తొమ్మిది. పాతిక దాటితే అది పెద్ద తరగతి, పెద్ద తరగతిని పర్మనెంటు లెక్చరరుకే ఇస్తారు. అప్పుడు స్టైపెండ్ ఆమెకు రాదు.

"పొద్దున్న అదే చెప్పబోయాను నాన్నా," అంది.

"దానికెందుకమ్మా కంగారు? పొద్దున్న నలుగుర్ని కలపమన్నావు, ఇప్పుడు నలుగుర్ని తీసెయ్యమంటున్నావు. కూడికలూ తీసివేతలూ నాకు కొత్తా?"

నలుగురికి పేరు పెట్టి ఫోన్ చేయమంది ఇల్లాలు. పేరు పెట్టి వద్దంటే నొచ్చుకుంటారు, వాళ్లంతా పెద్దమనుషులు, సూచనగా అంటే చాలు, అన్నాడాయన. బృందం మొత్తానికి ఒకే సందేశం పంపాడు: అమ్మాయి భవిష్యత్తు దృష్ట్యా కొందరు పెద్దమనసుతో తప్పుకోవలసిందిగా మనవి. నలుగురికీ ఆదర్శంగా ఉండాలని గుమాస్తాకు ఫోన్ చేసి తన పేరే ముందు కొట్టేయించుకున్నాడు.

ఆ బృందంలో చిన్నమనసున్నవాడు ఒక్కడు దొరికినా గండం గడిచేది. దొరకలేదు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తప్పుకున్నారు. తప్పుకుని ఊరుకోక, ఆ సంగతి చెప్పడానికి ఆయనకు ఫోన్లు చేశారు. అమ్మాయి గంటసేపు ప్రయత్నించినా తండ్రి దొరకలేదు. చివరికి పావుతక్కువ నాలుగుకు తల్లి ఫోన్ మోగింది. మళ్లీ ఆరుగురే. ఒకసారి తప్పుకున్నవాళ్లను ఈ ఏడాది మళ్లీ చేర్చుకోరట. కొత్తవాళ్లెవరైనా స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట.

తక్కెడ గారు కుర్చీలో కూలబడ్డాడు. వీధిలో పోయేవాళ్లను బతిమాలతానని లేచాడు.

"మీరు ఇంకేం చేయకండి. అదే పెద్ద సాయం," అంది ఇల్లాలు చేతిసంచీ తీసుకుంటూ.

ఆమె సరిగ్గా నాలుగు ఫోన్లు చేసింది, పేరు పెట్టి. బ్యాంకు మేనేజరు భార్య, హోమియో డాక్టరు భార్య, మేడమీది టైలరమ్మ, నాలుగోది తన సొంత చెల్లెలు, అంటే కుర్చీ తుడిపించిన బాబాయి గారి భార్య.

"మా ఆయన కుర్చీ అలా ఖాళీగానే ఉండనీ అక్కా. ఆటో పిలిచి ఉంచు, వస్తున్నా," అంది చెల్లెలు.

ఐదుకు పది నిమిషాలుందనగా నలుగురూ వరసగా సంతకాలు పెట్టారు. గుమాస్తా కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు లెక్కపెట్టి, సరిగ్గా పది అన్నాడు. అమ్మాయి బల్లకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. వెనకే వేరే ఆటోలో వచ్చిన తక్కెడ గారికి మాత్రం సందేహం తీరలేదు.

"మరి నువ్వు సంతకం పెట్టలేదేం?" అని ఇల్లాలిని అడిగాడు.

గుమాస్తా రిజిస్టరు ఆయన వైపు తిప్పాడు. ఒకటో నంబరు ఎదురుగా, చేరికలు మొదలైన రోజు తేదీతో, ఇల్లాలి సంతకం ఉంది.

"అమ్మా, నువ్వా? నాకు చెప్పలేదేం?"

"చెబితే మీ నాన్న సాయం చేస్తారని. మూడేళ్లుగా నీ గదిలో గోడలకు ఏం వినిపిస్తున్నావో నాకూ తెలియాలిగా."

తక్కెడ గారు ఆ సంతకాన్ని, కొట్టులో బరువు తగ్గించిన దొంగరాయిని పట్టుకున్నప్పుడు చూసినట్టు చూశాడు. ఈసారి దొంగరాయి తన జేబులోంచే బయటపడింది.

"తప్పు నాదే," అన్నాడు, గుమాస్తాకు కూడా వినబడేలా. "పొద్దున్న పిల్లని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. మధ్యాహ్నం నీ మాట వినలేదు. ఆ పనీపాటా లేనివాళ్లన్న మాట కూడా తప్పే."

తరగతి వారానికి మూడు సాయంత్రాలు కాబట్టి ఆ మూడు పూటలా వంట ఆయనకు పడింది. కొలతలన్నీ కచ్చితంగా ఉంటాయి, ఒక్క ఉప్పు తప్ప.