రాకర్ ఆర్మ్ ఉపసంఘం

...కాబట్టి నాగరికత అంతా ఒకే ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది: ఇంజనులో వాల్వును నొక్కే చేయి రాసుకుంటూ నొక్కాలా, దొర్లుతూ నొక్కాలా? మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, అనుకున్నాడు ఉదయభాస్కర్, కోరుకొండ రోడ్డులో మెకానిక్ షెడ్డు వైపు నడుస్తూ. ఇరవై రెండు రోజులుగా ఎక్కడికైనా నడిచే వెళుతున్నాడు. బండి ఆ షెడ్డులో విప్పి ఉంది కనక.

విషయం చిన్నదే. అతని పాత మోటార్ సైకిల్‌లో రాకర్ ఆర్మ్ అరిగింది. పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగే బల్లలాంటి ఇనుప ముక్క అది. ఒక కొస లేస్తే రెండో కొస దిగి వాల్వును నొక్కుతుంది. బండితో పాటు వచ్చే స్టాక్ రకం రాసుకుంటూ నొక్కుతుంది. రోలర్ రకానికి కొసన బుల్లి చక్రం ఉంటుంది, అది దొర్లుతుంది. ఇంజను ప్రాణాలకు తెగించి తిరిగేటప్పుడు దానివల్ల లాభం. (ఉదయభాస్కర్ బండి పదకొండేళ్ళలో నలభై కిలోమీటర్ల వేగం దాటింది ఒక్కసారే. అప్పుడు వెనక కుక్క ఉంది.)

అతను పద్దెనిమిదేళ్ళుగా ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. 'తగు నిర్ణయం నిమిత్తం సమర్పించడమైనది' అని వేలసార్లు రాశాడు గానీ, నిర్ణయమనే వస్తువును దగ్గర్నుంచి చూసినవాడు కాదు. అందుకని విషయాన్ని వాట్సాప్‌లో 'ఉభయ గోదావరి పాత బళ్ళ పరిరక్షణ సంఘా'నికి సమర్పించాడు.

అధ్యక్షులు చంద్రరావు గారు ఓటింగు పెట్టారు. స్టాక్‌కు నలభై ఒకటి, రోలర్‌కు నలభై ఒకటి, 'మీ ఇష్టమండి' అనే మూడో గడికి నూట పన్నెండు. (సలహా ఇచ్చిన సభ్యుడు ఫలితానికి బాధ్యుడు కాడన్నది సంఘం నాలుగో నియమం. సలహా పాటించకపోతే నొచ్చుకునే హక్కు ఆయనకు ఉంటుందన్నది ఐదోది.) రిటైర్డ్ హెడ్మాస్టరు అప్పాజీ గారు పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపారు. అందులో ఎనిమిది నిమిషాలు ఆయన కాఫీ చల్లార్చుకుంటున్న చప్పుడు. దాన్ని రెండు పక్షాలూ తమకు అనుకూలంగానే అర్థం చేసుకున్నాయి. చివరికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం పెసరట్లు తిని, బండి తత్వం తెలియాలంటే ముందు యజమాని తత్వం తెలియాలని తీర్మానించి, పద్నాలుగు గడుల దరఖాస్తు పంపింది.

తొమ్మిదో గడి: 'మామూలుగా నడిపే వేగం.' ఉదయభాస్కర్ అక్కడ 'నూట పది' అని రాసేశాడు.

రాశాక ఒళ్ళు తేలికైంది. ఎవడు, ఆ తొమ్మిదో గడిలో మనిషి? గాలికి జుట్టు ఎగురుతున్నవాడు. ఎవరికీ ఏదీ సమర్పించనివాడు. స్టాక్ అంటే వాడు చచ్చిపోతాడు. రోలర్ అంటే తను వాడిలా బతకాలి. అందుకే ఇన్నాళ్ళూ ఎటూ తేల్చకుండా వాణ్ణి సాకుతూ వచ్చాడు.

ఈ పొద్దున్న మాత్రం భార్య లావణ్య గడువు పెట్టింది.

"రేపు మన పెళ్ళిరోజండి. పదకొండేళ్ళుగా కోరుకొండ స్వామి దగ్గరికి ఆ బండి మీదే వెళ్ళాం. రేపు ఆరింటికి బండి గుమ్మంలో లేకపోతే నేను బస్సెక్కేస్తాను. ఒక్కదాన్నే. మీరూ మీ ఉపసంఘమూ నెమ్మదిగా రండి."

"కోపమొచ్చిందా ఏంటి?"

"వచ్చిందో లేదో ఓటింగు పెట్టుకోండి."

షెడ్డులో మెకానిక్ రాజరత్నం స్టూలు తుడిచి వేశాడు. "రండి బాబూ. తేలిందాండీ?"

"మీరేమంటారు రాజరత్నం గారూ?"

"నేననేదేముందండీ. స్టాక్ వేస్తే శుభ్రంగా తిరుగుద్దండి. రోలర్ వేసినా శుభ్రంగానే తిరుగుద్దండి."

"మరి తేడా?"

"తేడా ఉందండి. మీ బండికి మాత్రం తెలీదండి."

ఉదయభాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. బుల్లి చక్రం దొర్లింది. నూట పదిలో వాడు దూసుకుపోయాడు. వాడి వెనక సీటు ఖాళీగా ఉంది. లావణ్య ఎక్కడో వెనక, బస్సులో కిటికీ పక్కన, ఒళ్ళో కొబ్బరికాయ సంచీతో కూర్చుని ఉంది. వాడు తిరిగి చూడలేదు.

"స్టాక్," అన్నాడు ఉదయభాస్కర్. చరిత్ర మలుపు తిరిగే చప్పుడు వినిపిస్తుందేమోనని కాస్త ఆగాడు.

రాజరత్నం మూలనున్న టార్పాలిన్ లాగాడు. దాని కింద బండి బిగించి, కడిగి, తుడిచి, తళతళలాడుతూ ఉంది.

"ఇది... ఎప్పుడు?"

"మూడో రోజేనండి. అమ్మగారు ఫోన్ చేశారు. 'స్టాకే వేసేయండి, ఆయనకి మాత్రం చెప్పకండి, పాపం తేల్చుకుంటున్నారు' అన్నారండి." రాజరత్నం సిగ్గుపడ్డాడు. "మీరంత ఇదిగా ఆలోచిస్తుంటే మధ్యలో చెప్పడం బాగోదు కదండీ."

ఆ విధంగా ఉదయభాస్కర్ జీవితంలో మొట్టమొదటి సొంత నిర్ణయం, అతను తీసుకోవడానికి పంతొమ్మిది రోజుల ముందే అమలైపోయింది.

అతను బండెక్కి కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే అందుకుంది. ఇంజనుకు అతని అభిప్రాయంతో ఏనాడూ పని పడలేదు.