బాలనర్సయ్య బురుజారోహణము

పశ్చిమసముద్ర తరంగహస్త తాడిత తటంబగు ముంబాపురమున, ఫోరస్ రోడ్డునకును ఫాక్‌లాండ్ రోడ్డునకును నడుమ, అహోరాత్ర జనసమ్మర్ద ఘోషల మారుమ్రోగు కామాటిపురా పదునొకండవ గల్లీయందు, తాతలు ఇటుకలెత్తి కట్టిన నగరమున మనుమలు అద్దెకుండు ఒకానొక పురాతన చాల్ రెండవ అంతస్తున, ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలకు, నల్లా ఆగిపోయి బకెట్లన్నియు నిండియున్న శుభముహూర్తమున, లచ్చమ్మ యుద్ధము ప్రకటించెను.

యుద్ధము కట్టుకొన్న భర్తపైననే. కారణము, టీవీలోని బురుజున బందీయైయున్న ఒక రాజకుమారి.

ఆ భర్త బాలనర్సయ్య సామాన్యుడు కాడు. తాపీధరుడు, ఇష్టికాప్రాకార నిర్మాణదక్షుడు, ముప్పదియేండ్లు పరంజాలపై నేలమీదవలె సంచరించిన మేస్త్రి. రెండు నెలల క్రిందట నాగ్‌పాడాలో పరంజా చెక్క జారుటచే కుడిమడమ విరిగి, మోకాలివరకు ప్లాస్టరు దాల్చి, ఖాట్‌పై శయనించి పైకప్పు పెచ్చులు లెక్కించుచుండెను. ఆ దీనావస్థ చూడలేక పొరుగుగది శిరీష, పది దినముల శిక్షణకై పుణే పోవుచు, తన వీడియోగేమ్ యంత్రమును వీరి టీవీకి తగిలించి, మీటలు నేర్పి, చివర ఇట్లనెను:

"కాకా, ఇందుల రాజ్యం మొత్తం ఓపెన్. యాడికైనా పో. నిన్ను అడిగెటోడు లేడు."

ఆ ఒక్క వాక్యమే సకలానర్థములకును మూలమయ్యెను.

ఏలయన, మొదటి సాయంత్రమే, మెస్సులో మున్నూరు చపాతీలొత్తి యింటికి వచ్చి వెల్లుల్లి ఒలుచుచున్న లచ్చమ్మ చెవినబడినది, ఆ హిందీ పలుకుల ఆటలో ఒక రాణి విలాపము. మాంత్రికుడు తన కూతురి నెత్తుకొనిపోయి ఉత్తరపు బురుజున బంధించెనట. తెచ్చి యిమ్మని వేడుకొనెను. ఆటలోని వీరుడు కత్తి ముట్టి ప్రమాణము చేసెను. లచ్చమ్మ వెల్లుల్లిపాయ చేతనే పట్టుకొని, ఊపిరి బిగబట్టెను. వీరుడు కోట గుమ్మము దాటి, ఉత్తరమునకు గాక తూర్పునకు పోయెను. అచ్చట ఒక వాగు కనబడెనట.

తొమ్మిది దినములు గడచెను. వీరుడు కొండలెక్కెను, పుట్టగొడుగులేరెను, శిథిలదుర్గముల ముందు గంటలకొలది నిలిచి, "ఈ రాళ్లకు జోడు కుదరలే, ఎవడో దొంగపని జేసిండు" అని శత్రువును గాక, గోడ కట్టినవానిని తిట్టెను. ఉత్తరదిక్కు తప్ప తక్కిన దిక్కులన్నిటిని జయించెను. నేడు నాలుగు గంటలకు శిరీష వచ్చి యంత్రమును తీసికొనిపోవును.

కావున లచ్చమ్మ కొంగు బిగించి, టీవీకిని ఖాట్‌కును నడుమ అలంఘ్యప్రాకారమువలె నిలిచి, ఇట్లు గర్జించెను:

"ఏమయ్యా, ఆ తల్లికి మాటిచ్చినవా లేదా? తొమ్మిది దినాలాయె ఆ పిల్ల బురుజుల కూసుని! నువ్వేమో గడ్డి పీక్కుంట తిరుగుతున్నవ్. నాకు కత గావాలె. మొదలైన కత కొసెల్లాలె!"

బాలనర్సయ్య మెడ పక్కకు చాచి, ధీరగంభీరస్వరమున బదులిచ్చెను:

"జరుగు, కనబడ్తలేదు. కత యాడికి పోతది లచ్చీ? నేను పోయేదాంక ఆ పిల్లకు ఆకలి గాదు, వయసు పెరగదు. అంత పెద్ద రాజ్యం కట్టి పెట్టిండ్రు. సూడకుంట సీదా పోతే కట్టినోళ్లకు ఏం ఇజ్జత్ ఇచ్చినట్టు?"

"కట్టినోళ్ల ఇజ్జత్ సూస్తున్నవ్, కన్నతల్లి ఏడ్పు సూస్తలేవ్!"

ఈ వాగ్బాణము మేస్త్రి మర్మమున నాటెను. వీరుడు ఉత్తరమునకు తిరిగెను. పది నిమిషములు మార్గము నిర్విఘ్నముగ సాగెను. అంతట ఎడమవైపున ఒక రాతివంతెన కనబడెను. దాని కమాను ఎట్లు నిలిచినదో చూడవలెనని వీరుడు దారి విడిచినంతనే, సహనసేతువు తెగిన లచ్చమ్మ కంట్రోలర్‌ను లాగికొనెను.

అయ్యారే, ఆ సంగ్రామమేమని చెప్పుదును! వీరుడు ఆకాశమును చూచెను. తన చుట్టు తాను తిరిగెను. నిష్కారణముగ మూడుమార్లెగిరి, కత్తి దూసి, దారినబోవు ఉప్పువ్యాపారి మేకను నరికెను. వ్యాపారి ఆర్తనాదమునకు భటులు పరుగెత్తి వచ్చిరి. వీరుడు, లచ్చమ్మ బొటనవ్రేలి మహిమచే, వారికి వినయముగ నమస్కరించి నదిలో దుమికెను.

"పట్టు, నీ రిమోట్ నువ్వే పట్టు!" అని ఆ వీరనారి ఆయుధమును మగనికి అప్పగించి నుదుటి చెమట తుడుచుకొనెను.

భటులను తప్పించుకొని, ఈది, నడచి, మూడుంముప్పావుకు వీరుడు బురుజు చేరెను. తలుపు తెరచెను. మొదటి మెట్టుపై కాలుంచి ఆగిపోయెను. బాలనర్సయ్య వ్రేళ్లు కదలలేదు.

"ఏమైంది?"

"ఏం లే."

"ఏం లేకుంటే ఎక్కు."

ఆయన టీవీనుండి చూపు మరల్పకయే పలికెను. "కత ఐపోతే ఆట ఐపోతది. ఈ తొమ్మిది దినాలు నేను నడిచిన లచ్చీ. గోడలెక్కిన. మల్ల పరాంచి ఎక్కుతనో లేదో డాక్టర్ సుత చెప్తలేడు."

లచ్చమ్మ ఖాట్‌పై కూర్చుండి, ప్లాస్టరు కాలిని ఒడిలోకి తీసికొనెను.

"ఐతే ఉర్కకు," అనెను. "మెల్లగ ఎక్కు. ఒక్కొక్క మెట్టు సూస్కుంట ఎక్కు. కాని ఎక్కు."

నూటనలువది మెట్లు. బాలనర్సయ్య పరుగు మీటను ముట్టలేదు. ఘోరాంధకారమున గబ్బిలములు గుంపులుగ పైబడగా చీల్చుచు, కావలి రాక్షసుని కూల్చుచు, మెట్టు మెట్టున పాదము మోపుచు, ఆ మేస్త్రి శిఖరము నందెను. కడపటి తలుపు తెరచుకొనెను. సరిగ్గా ఆ క్షణమున గది గుమ్మమున సంచితో శిరీష ప్రత్యక్షమయ్యెను.

"కాకీ, ఆలే మీ! వచ్చిన!"

లచ్చమ్మ వెనుదిరుగకయే అరచేయి ఎత్తెను. శిరీష చెప్పులు విడిచి, గడపపైననే నిశ్చలముగ నిలిచెను.

బురుజులోని బాలిక తలయెత్తి, "మా నే భేజా?" అని అడిగెను.

"అవ్ బిడ్డా, అమ్మనే పంపింది. జర లేటైంది," అని లచ్చమ్మ టీవీకి సమాధానమిచ్చి కొంగుతో కండ్లొత్తుకొనెను.

బాలనర్సయ్య నిట్టూర్చి, కంట్రోలర్‌ను శిరీషవైపు చాచెను. "తీస్కో బిడ్డా. ఐపోయింది."

"కాయ్ కాకా! ఇది పహిలీ కత. ఇంక పదకొండున్నయ్. ఈమెను ఇంటికి దించుడు సుత కాలే," అని నవ్విన శిరీష, ఒడిలోని ప్లాస్టరును, తడిసిన కొంగును చూచి నవ్వు మానెను. "నాకు ఇయ్యాల బట్టలుతుకుడే ఉంది. రేపు డ్యూటీకెల్లి వచ్చినంక తీస్కపోతా. కూసోని ఆడు."

అంతట వీరుడు రాజకుమారి వెంటరాగా దక్షిణాభిముఖుడై, తొమ్మిది దినములలో మొదటిసారి కుడియెడమలు చూడక, తిన్నని రాజమార్గమున సాగెను. దూరమున కోట పతాకము రెపరెపలాడుచుండెను.

"ఆగు," అనెను లచ్చమ్మ.

వీరుడు ఆగెను.

"అగో, ఆ గుడిసెలకెల్లి పొగ ఎల్తుంది. లోపట ఏం వండుతుండ్రో సూద్దాం పా."

"రాణి ఎదురు సూస్తుంది గదనే!"

"సూడనీ. రెండు నిమిషాలు."

ఇట్లు ఆ ఆదివారము నాలుగు గంటల పదునేడు నిమిషములకు, దిక్పాలకులును శిరీషయు సాక్షులుగ, మహావీరుడు రాజకుమారిని గుమ్మము వెలుపల నిలిపి, గుడిసె తలుపు తట్టి, లోనున్న ముదుసలి చేతినుండి ఒక గిన్నెడు గుమ్మడికాయ పులుసు గ్రహించెను. వీరుని ప్రాణబలము రెండు పాళ్లు హెచ్చెను. లచ్చమ్మ రంగు చూచి "కారం తక్కువైంది" అని తీర్పు చెప్పగా, జయము ఘోషింపబడెను.