పొట్ట మీద రహస్యం

స్వతంత్రం వచ్చాక మన సర్కారు చేసిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది, ఉన్నదాన్ని లేనట్టు కనబడేలా చెయ్యడానికి ఒక ఆఫీసు పెట్టడం. (లేనిదాన్ని ఉన్నట్టు చూపించడానికి అప్పటికే చాలా ఆఫీసులున్నాయి.)

గుడివాడ రైసుమిల్లు యజమాని గోవర్ధనరావుగారికి పిస్తోలు లైసెన్సు వచ్చింది. ప్రాణభయం ఎవరివల్ల అని దరఖాస్తులో అడిగితే, "మా మిల్లు కూలీలు. ఈమధ్య నా మొహంలోకి చూసి మాట్లాడుతున్నారు" అని రాశారు. కారణం సమంజసంగా ఉందన్నారు పైవాళ్లు. షరతు మాత్రం ఒకటే. పిస్తోలు ఎవరికీ కనబడకూడదు, కనబడితే జనం భయపడతారు. (కనబడనిదానికి కూలీలు ఎలా భయపడతారో, అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఇప్పటికీ తెలీదు.)

అందుకని లాల్చీ కింద పొట్టకి చుట్టుకునే గుడ్డపట్టీ ఒకటి, అందులో పిస్తోలుకి సంచీ ఒకటి కుట్టించారు. ఆ కొత్త ఆఫీసు తరఫున మరుగు తనిఖీ అధికారి పిచ్చేశ్వరరావుగారు ఆ పట్టీ పట్టుకుని పెడనలో అద్దకం పనిచేసే నాంచారయ్య ఇంటికొచ్చారు. పట్టీ మీద 'రహస్యం' అని ఎర్రటి ముద్ర పడాలట. నిబంధన.

"తుపాకికి మొలతాడా బాబూ? దిష్టి తగలకుండానా?" అంది నాంచారయ్య భార్య సుబ్బులమ్మ.

"నవ్వకమ్మా. ఈ సంగతి బయటికి పొక్కిందో, మీ ఆయన అద్దకం అచ్చులన్నీ జప్తు."

సుబ్బులమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ టేకు అచ్చులు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నాంచారయ్య బుద్ధిగా ముద్ర అద్దాడు. "కాలవలో జాడించి, ఎండేసి ఇస్తానండి. లేకపోతే రంగు దిగుద్దండి."

"కాలవలోనా! నలుగురూ చూడరటయ్యా? రహస్య వస్తువుని ఉతక్కూడదు."

"ఎప్పటికీనాండీ?"

"లైసెన్సు గడువు తీరేదాకా."

మొదటి తనిఖీ గుడివాడ బస్టాండులో, రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నం. గోవర్ధనరావుగారిని ఎండలో నిలబెట్టి, పిచ్చేశ్వరరావుగారు వచ్చేపోయేవాళ్లందర్నీ ఆపారు.

"ఈయన పొట్ట మీద పిస్తోలుంది. మీకు కనబడుతోందా?"

"లేదండీ" అని ఒక్కొక్కళ్లూ సంతకం పెట్టి బస్సెక్కారు. (సంతకం రానివాళ్లు వేలిముద్ర. రహస్యం అందరిదీ కదా.)

కోడూరు నుంచి ఎండుచేపల బుట్టతో వచ్చిన ముత్యాలమ్మ మాత్రం కదల్లేదు.

"పిస్తోలైతే కనబళ్లేదు గానీ బాబుగారూ, తవరి బొజ్జ మీద ఏంటో రాసుందే! నాకు చదువు రాదు. కండక్టరు బాబూ, కాస్త చదివిపెట్టయ్యా."

చెమటకి తడిసిన మల్లెపువ్వులాంటి లాల్చీ మీద ఎర్రగా, గుండ్రంగా తేలిన అక్షరాల్ని కండక్టరు గట్టిగా చదివాడు. "రహస్యం!"

బస్సు మొత్తం దిగింది. అందులో మిల్లు కూలీలూ ఉన్నారు. వాళ్లు గోవర్ధనరావుగారి పొట్టకేసి చూసి, తర్వాత మొహంలోకి చూసి, నవ్వారు.

విచారణ నిష్పక్షపాతంగా జరిగింది. పిస్తోలు కనబడలేదని ఊరంతా సంతకాలు పెట్టింది కాబట్టి గోవర్ధనరావుగారి తప్పేం లేదు. బయటపడింది రహస్యం. అద్దింది నాంచారయ్య. అచ్చులు జప్తు చేశారు. ఆఫీసులో చోటు లేక, గోవర్ధనరావుగారి గోడౌన్లోనే పెట్టారు.

నాంచారయ్య ఇప్పుడు ఆ మిల్లులోనే బస్తాలు మోస్తున్నాడు. గోడౌను ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఆగి, యజమాని మొహంలోకి చూస్తున్నాడట.

గోవర్ధనరావుగారు రెండో పిస్తోలుకి దరఖాస్తు పెట్టారు. కారణం సమంజసంగానే ఉందంటున్నారు పైవాళ్లు.