మాదిరి విమానం

ఆకాశానికి హద్దుల్లేవన్నవాడు ఆకాశంలో క్యూ చూసి ఉండడు.

ఆ క్యూని నడిపే సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ మొదటి నుంచీ రాయరు. అందుకు లైబ్రరీలున్నాయి (పుస్తకాలుండవు, చదవాల్సి వస్తుందన్న భయం లేదు). రాడార్‌ని చదివే ముక్క, తెర గీసే ముక్క, వరస కట్టే ముక్క, అన్నీ ఎవరో ముందే రాసి పెడతారు. తెచ్చి అతికించుకోవడమే మన పని. ఎలా అతికించాలో తెలియడానికి ఒక మాదిరి విమానాన్ని కూడా ఇస్తారు. పనయ్యాక దాన్ని తీసేయాలని సూచనల్లో నూట పద్నాలుగో పేజీలో ఉంది. మన విమానాశ్రయంవాళ్లు పన్నెండో పేజీకే తెర వెలిగిందని చదవడం ఆపేశారు.

అప్పటి నుంచి ఆ విమానాశ్రయం తెర మీదికి రోజూ పదింటికి మాదిరి విమానం వస్తుంది, ఐదు నిమిషాల్లో తనంతట తనే దిగిపోతుంది. దానికి రెక్కల్లేవు, పైలట్ లేడు, అసలదే లేదు. అయినా ఐదేళ్లలో ఒక్కరోజూ ఆలస్యం కాలేదు (మిగతా పైలట్లను అక్కడి అధికారి దాన్ని చూసి నేర్చుకోమంటాడు).

లైబ్రరీ కొత్త వెర్షన్ వేసిన రోజున మాత్రం అది దిగలేదు. భద్రత పెంచారట. విమానాలను దించే కంట్రోలరు మైకులో అనుమతివ్వాలి, పైలట్ ఆ మాట తిరిగి చెప్పాలి. అందాకా వెనకున్నవాళ్లకు రన్‌వే దీపం పచ్చబడదు.

వెనక నూటపన్నెండు మందితో నిజం విమానం తిరుగుతోంది.

"అక్కా, మా ముందెవరూ కనబడట్లేదే," అన్నాడు దాని పైలట్.

"నాక్కూడా కనబడట్లేదు బాబూ. తెరకి కనబడుతోంది," అంది కంట్రోలరు.

"ఇంధనం ఇరవై నిమిషాలకే ఉంది."

ఆవిడ ఆ లైబ్రరీని తెచ్చి అతికించిన ప్రోగ్రామరు వైపు తిరిగింది. "తీసెయ్ రా దాన్ని."

"కొత్త వెర్షన్లో లైబ్రరీ రాసినాయన ఒప్పుకోవాలక్కా. ఆయన కోళ్లఫారం పెట్టుకున్నాడు. ఫోనెత్తట్లేదు."

అధికారి నిబంధనలు తిరగేశాడు. "లేని విమానాన్ని ఆపే నిబంధన లేదమ్మా. ఉన్నదాన్ని ఆపేది ఉంది. దాన్నే ఆపుదాం."

ఆవిడ రెండో మైకు తీసి ప్రోగ్రామరు చేతిలో పెట్టింది. "పైలట్‌వి నువ్వే."

"నాకు స్కూటరే సరిగా రాదక్కా."

"నడపమన్నానా? 'దిగుతున్నా' అను చాలు." ఆవిడ గొంతు సవరించుకుంది. "మాదిరి విమానం, దిగవచ్చు."

"మాదిరి విమానం... దిగుతున్నా," అన్నాడతను, రెండో చేత్తో కుర్చీని గట్టిగా పట్టుకుని.

తెర మీద చుక్క దిగింది. దీపం పచ్చబడింది. నాలుగు నిమిషాల ఇంధనం మిగిలుండగా నిజం విమానమూ నేల తాకింది. "కుదుపు లేకుండా దించావు," అని అధికారి ప్రోగ్రామరు భుజం తట్టాడు.

అరగంట తర్వాత మైకు మళ్లీ పలికింది.

"అక్కా, మెట్లబండి రాలేదు. జనం సంచులు పట్టుకుని నిలబడున్నారు."

కంట్రోలరు తెర చూసింది.

"వరస ప్రకారం వస్తుంది బాబూ. ముందు విమానంలోవాళ్లు ఇంకా దిగలేదు."