సెలవుకు రెండు బాణాలు

మనిషి జీవితంలో ఎంతటి చిక్కయినా ఒక ప్రశ్న, రెండు బాణాలతో తీరిపోతుందని మా కంపెనీ యాజమాన్యం నిరుడు కనిపెట్టింది. అంతవరకు మేం అనవసరంగా మాట్లాడుకుంటూ బతికాం.

ఇప్పుడు కంప్యూటరు తెర మీద గడులుంటాయి. గడిలో ఒక ప్రశ్న, అవునంటే ఒక దిక్కుకు బాణం, కాదంటే ఇంకో దిక్కుకు. గడి నుంచి గడికి మౌసుతో బాణం లాగుతారు. ప్రోగ్రాం రాయడం రానివాడు కూడా ఎదుటివాడి గతి తేల్చేయవచ్చు, అదీ దీని గొప్ప. (ఆ విద్య మనవాళ్లకు ముందే వచ్చు. ఇప్పుడు రంగులు కలిశాయి.) చేతి తొడుగులు చిరిగినా, సెలవు కావాలన్నా ఫోనులో నొక్కాలి. మన మొర బాణాల వెంట దానంతటదే పోతుంది. దీనికి షరతుల శాఖ అని ఒకటి, దానికో అధికారి.

లేతు మెషీను మీద పనిచేసే మా బావకు కబురొచ్చింది. వాళ్లమ్మకు, అంటే మా అత్తయ్యకు, ఊపిరాడటం లేదు. ఆస్పత్రిలో చేర్చారు. కొడుకును చూడాలంటోంది. తల్లి కోసమని బావ సెలవు నొక్కాడు. తల్లి ఉన్నారా, పోయారా అని అడిగింది ఫోను. ఉన్నారు అని నొక్కాడు. ‘సంతోషం. పనిలోకి వెళ్లండి’ అని వచ్చింది.

ఇద్దరం అధికారి గదికి వెళ్లాం.

“ప్రాణం మీదికొచ్చింది సార్. దానికి గడి లేదా?” అన్నాడు బావ.

“ఉండేదయ్యా,” అన్నాడాయన, బాధగానే. “దాని బాణం టీ విరామం బాణాన్ని అడ్డంగా దాటుతోంది. బాణాలు ఒకదాన్నొకటి దాటితే డైరెక్టరుగారికి కళ్లు లాగుతాయి. తీసేశాం.”

“టీ బాణమే తీసేయొచ్చుగా సార్?” అన్నాను.

“టీ అందరూ తాగుతారు.”

న్యాయమే.

“బావా, పోయిందని నొక్కేయ్,” అన్నాను బయటికొచ్చాక.

“నోరు ముయ్యరా! బతికున్న తల్లిని నా చేత్తో చంపమంటావా?”

“నువ్వు చంపితేగానీ వీళ్లు పంపరు. అత్తయ్యనే అడిగి చూడు, ‘నొక్కి తగలడరా వెధవా, తొందరగా రా’ అంటుంది.”

బావ కళ్లు మూసుకుని నొక్కాడు. వెంటనే మూడు రోజుల సెలవు, ప్రగాఢ సానుభూతి, ఒక పూలగుత్తి బొమ్మ వచ్చాయి.

కొడుకును చూసి అత్తయ్య లేచి కూర్చుంది. “సెలవెలా ఇచ్చార్రా?”

“అడిగితే ఇచ్చారమ్మా.”

“ఎంత మంచివాళ్లురా! చల్లగా ఉండాలి.”

నెల తిరక్కుండా అత్తయ్య నిజంగానే పోయింది. బావ మళ్లీ నొక్కాడు. ‘మీ తల్లి ఇదివరకే పోయారు. ఒక ఉద్యోగికి ఒక తల్లి మాత్రమే’ అని వచ్చింది.

అధికారి దగ్గరికి పరుగెత్తాం. ఈసారి ఆయన కుర్చీలోంచి లేచాడు కూడా.

“అప్పుడు అబద్ధం నొక్కాను సార్. ఒప్పేసుకుంటాను,” అన్నాడు బావ.

“ఒప్పుకోకు! అబద్ధమాడినా, చెప్పకుండా వెళ్లినా ఒకటే బాణం. అది దేన్నీ దాటదు, తిన్నగా గేటు బయటికే పోతుంది. ఇల్లు గడవాలా వద్దా? షిఫ్టయ్యాక వెళ్లు.”

బావ వెళ్లి మెషీను ముందు నిలబడ్డాడు. ఇంటి దగ్గరవాళ్లు కొడుకు కోసం చూడగలిగినంతసేపు దారి చూశారు. తర్వాత ఆగలేదు, శవాన్ని ఎత్తేశారు.

ఈ నెలలో సొంత పనుల కోసం ఒక్క పూటైనా మానని ఉద్యోగి అని నెలాఖరున బావ ఫోటో షెడ్డు గోడకు పెట్టారు. ముఖం బాగా రాలేదని మళ్లీ తీయించారు.