నలభై ఒక్క అంకెల కుట్ర

"నేరమా, నీకు రోజులు దగ్గరపడ్డయ్! దివాకర్ చెప్పులు ఇడుస్తున్నడు!"

అలా ప్రకటించి, కోరుట్లలోని సరిత ఇంట్లోకి అడుగుపెట్టాడు దివాకర్. దుబాయిలో ఉన్న సరిత భర్తకు ఇతను చిన్నాయన కొడుకు. పొట్టకూటికి జిరాక్స్ షాపు, పేరుకు డిటెక్టివ్. ఇంతవరకు అతను ఎవరినీ పట్టుకోలేదు గానీ, అతన్ని మాత్రం జలుబు రెండుసార్లు పట్టుకుంది.

సరితకు నవ్వే ఓపిక లేదు. ఏడో తరగతి చదివే కూతురు మనోజ్ఞ మూడు రోజులుగా మూలన కూర్చుని ఏదో రాస్తోంది. తల్లి అలికిడి వినగానే దాచేస్తోంది. ఈ ఆదివారం పిల్ల స్నేహితురాలి ఇంటికి వెళ్లగానే సరిత కంపాస్ బాక్సు తెరిచింది. అందులో ఒక చీటీ, చీటీ మీద ఒకే వరుస:

12345678910111213141516171819202122232425

"ఎవడన్న పిల్లకు సైగలు పంపుతున్నడేమో," అంది అత్త మల్లవ్వ, బీడీలు చుడుతూనే. "గిది ఇయ్యాల తేలాలె. తేలకుంటె రేపటి సంది బడి బంద్. నా పక్కన బీడీల చాట ముంగట కూసుంటది."

సరితను పుట్టింట్లో ఏడో తరగతిలోనే బడి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టింది కూడా ఇలాంటి అనుమానంతోనే.

దివాకర్ చీటీని భూతద్దం కింద పెట్టాడు. "నలభై ఒక్క అంకెలు! వదినా, గిది అంతర్జాతీయ ముఠా పని!"

"ఏం ముఠా?"

"గదే రహస్యం."

మొదటి పది అంకెలకు ఫోన్ కొట్టాడు. అలాంటి నంబరే లేదని వచ్చింది.

"చూసినవా? పరారైండు!"

"ఉన్నోడైతె గద పరారయ్యేది," అంది సరిత.

దివాకర్ తగ్గలేదు. అంకెలన్నీ కూడాడు. "నూట ఇరవై ఏడు. అంటే భాగిస్తె మూడుతోని పోదు, తొమ్మిదితోని పోదు. కరుడుగట్టిన నంబరు వదినా, ఎవలకూ లొంగది!"

"ఆఖర్ల అయిదున్నది. అయిదుతోని పోతది గద?"

"గది మనల తప్పుదోవ పట్టియ్యనీకె పెట్టిండ్రు! నువ్వు అంకెల మీద వేలు పెట్టు, నేను గుట్టు విప్పుత."

సరిత వేలు పెట్టింది. దివాకర్ గొంతు సవరించుకునేలోగా మల్లవ్వ కట్ట కట్టడానికి బీడీలు లెక్కపెట్టసాగింది. "ఒకటి, రెండు, మూడు..."

"పెద్దమ్మా, దర్యాప్తుకు అడ్డం రాకు!"

"కట్టల ఒక్క బీడీ తక్కువైతె కార్ఖానల నువ్వు జవాబు చెప్తవా? తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు..."

సరిత వేలు తనంతట తానే కదిలింది. పదమూడు. పద్నాలుగు. అత్త నోట ఏది పలికితే చీటీ మీద అదే ఉంది. మల్లవ్వ "ఇరవై అయిదు" అని దారం చుట్టేసరికి వేలు చీటీ చివరికి చేరింది.

"అత్తమ్మా! గిది ముఠా గాదు, కట్ట!"

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మనోజ్ఞ, చీటీ చూసి ఏడుపు అందుకుంది. "సారు ఇచ్చిండమ్మా. ఇరవై అయిదుతోని భాగిస్తె ఎంత మిగుల్తదో చెప్పుమన్నడు. చేసినప్పుడల్ల వేరే జవాబే అస్తంది. లెక్కలు రావంటె నానమ్మ బడి మాన్పిస్తదని దాసిన."

"గింతదానికి భాగారమెందుకే?" అంది సరిత. "నూరు బీడీలంటె నాలుగు కట్టలు. ఆఖరి రెండంకెల ముంగట ఎంత పొడుగున్నా అన్నీ నూర్లే, కట్టలు కట్టంగ ఏం మిగలది. ఆఖరి ఇరవై అయిదు ఇంకో కట్ట. లెక్క సాఫ్."

పిల్ల ఏడుపు ఆపి తల్లిని కొత్తగా చూసింది. "ఇరవై ఆరు దాక రాస్తె?"

"ఒకటి మిగుల్తది."

"ముప్పై దాక?"

"అయిదు."

"నూరు దాక?"

సరిత గాల్లో వేలితో రెండు సున్నలు చుట్టింది. "ఏం మిగలది!"

దివాకర్ అప్పటికే నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు: కేసు ఛేదించినది దివాకర్, సహకరించినవారు ఎవరూ లేరు. తల్లీకూతుళ్ల మాటలు విని ఉలిక్కిపడ్డాడు. "వదినా, మీరిద్దరు నా ముంగటనే కోడ్‌ల మాట్లాడుకుంటున్నరు!"

మల్లవ్వ ఇంకో బీడీ చుట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"సరితా, రేపు సోమారం గద. పిల్ల బడి డ్రెస్సు ఉతికినవా?"