నాలుగో కిటికీ ముందు ఇంజిన్ ఫ్యాన్

నిప్పును కనుక్కోవడం మానవజాతి చేసిన మొదటి ఘనకార్యమైతే, దాని మీద ఒక ఉష్ణోగ్రతాధికారిని నియమించడం రెండోది. వాహన తనిఖీ కార్యాలయంలో నాలుగో కిటికీ ఆయనది. పాత కారును తన ముందు నిలబెట్టించి, ఇంజిన్ ఫ్యాన్ తిరుగుతోందా, వేడి హెచ్చరిక దీపం ఆరి ఉందా అని మెడ చాచి చూస్తారు. (కుర్చీలోంచి లేవాలంటే వేరే ఉత్తర్వు కావాలి.)

లెక్కల మాస్టారి కారుకు ఇరవై రెండేళ్లు. తనిఖీలో మూడుసార్లు తప్పితే తుక్కుకే. మాస్టారికి దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు. ఆయన భార్య యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. అప్పటి నుంచి ఆ దంపతులు ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరినీ బతిమాలలేదు.

మొదటిసారి, వరుసలో ఇంజిన్ ఆపాలన్న నిబంధన పాటించారు. రెండు గంటల్లో ఇంజిన్ చల్లబడింది. చల్లని ఇంజిన్‌కు ఫ్యాన్‌తో పనేముంది? తిరగలేదు. ‘ఫ్యాన్ పనిచేయుట లేదు’ అని అధికారి రాశారు.

రెండోసారి వరుసలో పక్కింటాయనను నిలబెట్టి, ఊరు ఆరు చుట్లు చుట్టి, సరిగ్గా వంతు వచ్చేసరికి కారును కిటికీ ముందు ఆపారు. ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది. దీపమూ వెలిగింది. ‘అధిక వేడి’ అని రాశారు.

"వేడెక్కకుండా ఫ్యాన్ ఎలా తిరుగుతుంది సార్?"

"అది మీ ఇంజిన్ సొంత విషయం మాస్టారూ."

మెకానిక్ ఫ్యాన్ స్విచ్చి విప్పి చూసి నవ్వాడు. "ఇది ముసలిదైపోయిందండీ, ఆలస్యంగా మేలుకుంటోంది. కొత్తది వేశా. అయినా కాగితే హీటరు పెట్టండి, ఇంజిన్ వేడి కాస్త మీరు పంచుకున్నట్టు ఉంటుంది."

మూడోసారి నడివేసవి. వరుసలో మళ్లీ పక్కింటాయనే నిలబడ్డాడు. భార్య స్టీరింగ్ పట్టుకుంది, హీటరు పూర్తిగా తిప్పారు. ఇద్దరూ చెమటతో ముద్దయిపోయారు.

"ఏవండీ, ఇంతకీ బతికేది కారా, మనమా?"

"ఎవరో ఒకరం బతికితే చాల్లే!"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, దీపం ఆరి ఉంది. మాస్టారికి ఎగిరి గంతేయాలనిపించింది. అధికారి మెడ చాచారు, చూశారు, కలం ఎత్తారు, ఎండదెబ్బకు కిటికీ మీదే వాలిపోయారు. (ఆయన నెత్తిమీది ఫ్యాన్ మరమ్మతు ఏడాదిగా పరిశీలనలో ఉంది.)

అంబులెన్స్‌కు వరుస ఉందన్నారు. మాస్టారూ పక్కింటాయనా కలిసి ఆయనను వెనక సీట్లో పడుకోబెట్టారు.

"అమ్మా... హీటరు... ఆపండి," అని మూలిగారాయన.

"ఆపితే దీపం వెలుగుతుందేమో సార్. వెలిగితే మీరే ఒప్పుకోరు గదా!" అంది ఆవిడ గేరు మారుస్తూ.

ట్రాఫిక్‌లో రెండుచోట్ల ఇరుక్కున్నా ముల్లు కదల్లేదు. పన్నెండు నిమిషాల్లో ఆసుపత్రి చేరారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. ప్రయాణమంతటా ఫ్యాన్ అద్భుతంగా పనిచేసినట్టు అధికారి స్వయంగా ధ్రువీకరించారు. అయితే అర్హత పత్రం లేని కారులో ప్రయాణికుణ్ని ఎక్కించుకున్న నేరానికి దాన్ని తుక్కుకు పంపాలని ఆదేశించారు. కింద ‘మీ మేలు మరువలేను’ అని రాసి, సంతకం పెట్టారు.